నారు ట్రే కింద ఏముండాలి? వాణిజ్య పాలీహౌస్‌లో బెంచీల ఎంపిక

పాలీహౌస్ కట్టాలనుకున్న రైతు ఆలోచనంతా మొదట పైకప్పు చుట్టూ తిరుగుతుంది. ఎన్ని మైక్రాన్ల పాలిథిన్ కప్పాలి, ఎంత శాతం నీడనిచ్చే వల కట్టాలి, గాలి బయటికి పోయే సందు ఏ దిక్కున ఉండాలి అన్నవి తేలిన తరువాత, చేతిలో మిగిలిన సొమ్మును బట్టి లోపలి ఏర్పాట్లు చూసుకోవడం పరిపాటి. అందుచేత మొక్క పాలీహౌస్‌లో ఉన్నన్నాళ్లూ గడిపే చోటు, కూలీల చేతులు పొద్దస్తమానం మెదిలే చోటు అయిన బెంచీకి బడ్జెట్‌లో ఆఖరి పద్దు దక్కుతుంది. విడిభాగాల జాబితా చూసి బెంచీలు కొనేవారు చాలామంది వాటిని మొక్కలు పెట్టే బల్లలుగానే లెక్కిస్తారు గాని, వేరుకు గాలి ఎంత తగలాలి, పోసిన నీరు ఎటు పోవాలి, మనిషి ఎక్కడ నిలబడి పని చెయ్యాలి అన్న మూడు విషయాలనూ ఆ ఇనుప చట్రమే ఏళ్ల తరబడి నిర్ణయిస్తుందన్న సంగతి మొదటి సీజన్ గడిచాక గాని బోధపడదు.

ఈ విషయాన్ని అన్ని రకాల పాలీహౌస్‌లకూ కలిపి చెప్పడం కంటే తెలుగు ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే కూరగాయల నారు నర్సరీని తీసుకొని పరిశీలించడం మేలు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం, ఖమ్మం ప్రాంతాల మిరప రైతులూ, మదనపల్లె చుట్టుపక్కల టమాటా రైతులూ ఒకప్పుడు సొంత పొలంలోనే నారుమడి పోసుకొనేవారు. హైబ్రిడ్ విత్తనం ధర పెరిగి, ఒక్కొక్క గింజనూ లెక్కపెట్టి వాడుకోవలసి వచ్చినప్పటి నుంచి ప్రోట్రే నారు వాడుక విస్తరించింది. ప్రోట్రే అంటే చిన్న చిన్న గుంతలతో అచ్చుపోసిన పలుచటి ప్లాస్టిక్ పళ్లెం. మిరప, టమాటాలకు ఎక్కువగా వాడే 98 గుంతల ట్రే సుమారు 54 సెంటీమీటర్ల పొడవు, 27 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ప్రతి గుంత అడుగునా నీరు దిగే రంధ్రం ఉంటుంది. గుంతల్లో మట్టికి బదులు కొబ్బరి పొట్టుతో తయారైన కోకోపీట్ నింపి, గుంతకొక గింజ నాటి, టమాటా అయితే 25 రోజులకు అటూ ఇటూగా, మిరప అయితే 35 నుంచి 45 రోజులకు నారును రైతుకు అందిస్తారు. ఈ ట్రేలను నేల మీద పరిచిన ప్లాస్టిక్ పట్టా మీదో, వరసగా పేర్చిన ఇటుకల మీదో ఉంచి పెంచే నర్సరీలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. బెంచీ అవసరమా అన్న ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది.

నేల మీద ఉంచిన ట్రేను ఇరవయ్యో రోజున ఎత్తి చూస్తే, అడుగు రంధ్రాల్లోంచి తెల్లని వేర్లు బయటికి వచ్చి, పట్టా మీద నిలిచిన తేమలో పాకి, పక్క గుంత వేర్లతో పెనవేసుకొని కనిపిస్తాయి. పట్టా చిరిగిన చోట అవి ఏకంగా మట్టిలోకే దిగుతాయి. ట్రేను లాగినప్పుడు తెగేవి ఆ వేర్లే; అందుకే ఆ నారు ఎత్తిన రోజునే వాడు ముఖం పెడుతుంది. అదే ట్రే కింద జల్లెడలాంటి ఇనుప వల తప్ప మరేమీ లేకపోతే, రంధ్రం దాకా వచ్చిన వేరు కొనకు పొడిగాలి తగిలి, ఆ కొన ఎండి, పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది. ఆ వేరు వెనక భాగం నుంచి కొత్త పిల్లవేర్లు పుట్టి కోకోపీట్ దిమ్మెను నలువైపుల నుంచీ పట్టుకుంటాయి. వేరును గాలి చేతనే కత్తిరించడం అని చెప్పదగిన ఈ ప్రక్రియకు ఖర్చేమీ లేదు, ట్రే అడుగున గాలి ఆడితే చాలు. గుంతలోంచి పైకి లాగినప్పుడు దిమ్మె చెదరకుండా వచ్చే నారుకూ, పొట్టు రాలిపోయి ఉత్త వేర్లతో వచ్చే నారుకూ మధ్య తేడా ఎక్కువగా ఇక్కడే పుడుతుంది.

రెండో ప్రయోజనం తెగుళ్లకు సంబంధించినది. మొలకలు కాండం మొదట మెత్తబడి గుంపులు గుంపులుగా ఒరిగిపోయే నారుకుళ్లు తెగులుకు కారణమయ్యే పిథియం, రైజోక్టోనియా వంటి సూక్ష్మజీవులు నేలలోనూ, నేల మీది మురికి నీటిలోనూ కాచుకొని ఉంటాయి. వేర్లలో బుడిపెలు పుట్టించే నులిపురుగుల సంగతీ అంతే. శుభ్రమైన కోకోపీట్ తెచ్చి, మందు పట్టించిన విత్తనం వేసి, ఆ ట్రేను తీసుకుపోయి మట్టి చిందే చోట పెట్టడం వల్ల ముందు చేసిన జాగ్రత్తలన్నీ వృథా అవుతాయి. కుండీల్లో ఆరోగ్యకరమైన మొక్కల పెంపకం గురించి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1957లో కెన్నెత్ బేకర్ సంపాదకత్వంలో వెలువరించిన 23వ నంబరు కరదీపిక ఈ విషయంలో నర్సరీ రంగానికంతటికీ దారి చూపింది. శుభ్రం చేసిన మట్టి మిశ్రమం, శుభ్రమైన విత్తనం, శుభ్రమైన పరిసరం అనే మూడూ కలిస్తేనే ఫలితం ఉంటుందన్నది దాని సారం. నీళ్ల గొట్టం కొసను సైతం నేలకు తగలనివ్వరాదన్న నర్సరీ నియమం ఆ ఆలోచన నుంచి వచ్చినదే.

అయితే బెంచీ వేయగానే చీడపీడలు తొలగిపోతాయనుకోవడం పొరపాటు. 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామరపురుగు వంటి తామరపురుగులు ఆకులను, పూలను గోకి రసం పీల్చినా, కోశస్థ దశను ఎక్కువగా కింది మట్టిలోనో, రాలిన చెత్తలోనో గడుపుతాయి. బెంచీ కింద మనిషి చూపు పడని నీడలో పెరిగే వయ్యారిభామ, గరిక వంటి కలుపు మొక్కలు తెల్లదోమకూ, తామరపురుగుకూ మంచి ఆశ్రయం. అందుకే బెంచీ కొనేటప్పుడే దాని కింది నేలకు కూడా ఖర్చు రాసుకోవాలి. నేలను కాలువవైపు కొద్దిగా వాలుగా చదును చేసి, కలుపు మొలవకుండా అడ్డుకునే నేసిన ప్లాస్టిక్ పట్టా, అంటే వీడ్‌మ్యాట్ పరిచి, వీలైతే దాని మీద కంకర పోయడం ఈ లెక్కలోకి వస్తుంది. బెంచీ కింద చోటు ఖాళీగా ఉంది కదా అని అక్కడా ట్రేలు సర్దే అలవాటు కొన్నిచోట్ల ఉంది. పై ట్రేల నుంచి కారే నీరు, దానితో వచ్చే తెగులు, చాలని వెలుతురు కలిసి ఆ నారును అమ్మకానికి పనికిరాకుండా చేస్తాయి.

బెంచీ వల్ల కలిగే నష్టం ఒకటి ఉంది. అమ్మేవారు దాన్ని ప్రస్తావించరు. ట్రే చుట్టూ, కిందా గాలి ఆడుతున్నప్పుడు కోకోపీట్ తొందరగా ఆరిపోతుంది. 98 గుంతల ట్రేలో ఒక్కొక్క గుంతకు పట్టేది పాతిక మిల్లీలీటర్ల లోపే కాబట్టి, ఏప్రిల్, మే నెలల వడగాడ్పుల్లో నేల మీద రెండు తడులతో గడిచే నారుకు బెంచీ మీద మూడు, నాలుగు తడులు కావలసి రావచ్చు. అందులోనూ బెంచీ అంచు వరసల ట్రేలు నడిమి ట్రేల కంటే ముందే ఎండుతాయి. చలిదేశాల పాలీహౌస్‌లలో బెంచీ కింద వేడినీటి గొట్టాలు పరిచి వేళ్లకు వెచ్చదనం అందించడం ఒక పెద్ద ఆకర్షణ. ఇక్కడ సమస్య దానికి తలకిందులైనది. అంచు వరసలకు చేతితో అదనపు తడి పెట్టడం, గాలి వచ్చే వైపు నడుము ఎత్తున వల కట్టడం వంటి ఉపాయాలతో దీన్ని ఎదుర్కోవచ్చు గాని, నీటి సరఫరా మీద భరోసా లేని నర్సరీ మాత్రం బెంచీల కంటే ముందు నీటి తొట్టి మీద ఖర్చు పెట్టడం తెలివైన పని.

అన్ని పంటలకూ బెంచీ అక్కర్లేదు. దోస, క్యాప్సికం, టమాటా వంటి వాటిని పాలీహౌస్‌లో తీగల మీదికి రెండు మూడు మీటర్ల ఎత్తు పాకిస్తారు కాబట్టి, మొదలును నడుము ఎత్తున పెడితే కాయ చేతికందని ఎత్తుకు పోతుంది. గోదావరి కాలువ గట్ల వెంట కడియం నర్సరీల్లో కనిపించే పెద్ద పెద్ద సంచుల మొక్కలను బెంచీ ఎక్కించడం వల్ల నడుం నొప్పి తప్ప ఒరిగేదేమీ లేదు. జెర్బెరా విషయం వేరు: ఎర్రమట్టి మళ్లలో కొన్నేళ్లు పెంచాక మొదలుకుళ్లు, నులిపురుగులు చేరి మళ్లు దెబ్బతిన్నప్పుడు కోకోపీట్ కుండీలను స్టాండ్ల మీద పెట్టి పెంచే పద్ధతికి మారడం లాభసాటి కావచ్చు. ఆర్కిడ్లకు, చిన్న కుండీల్లోని అలంకరణ మొక్కలకు, అన్నిటికన్నా ముఖ్యంగా నారుకు బెంచీ సరిగ్గా సరిపోతుంది.

బెంచీల్లో మొదటి రకం కదలనిది, అంటే కాళ్లు నేలలో పాతి లేదా నేల మీద నిలిపి కట్టిన స్థిరమైన బెంచీ. దీనికి వాడే సరుకు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. కోస్తాలో సరుగుడు కర్రలు, వెదురు చవకగా దొరుకుతాయి. కాని ఎప్పుడూ తేమగా ఉండే చోట చెదా, కుళ్లూ వాటిని రెండు మూడేళ్లలో తినేస్తాయి. చెద పట్టకుండా తారు పూసే అలవాటు ఇంటి దూలాలకు చెల్లుతుందేమో గాని, మూసి ఉన్న పాలీహౌస్‌లో తారుజాతి నూనెలు, పెంటాక్లోరోఫినాల్ వంటి కలప మందులు వేడికి ఆవిరై లేత ఆకులను మాడుస్తాయి. కర్ర వాడక తప్పనప్పుడు కాపర్ నాఫ్తనేట్ వంటి రాగి సంబంధమైన మందు నయం. రాయలసీమలో కడప బండలూ, రాతి కూసాలూ సులభంగా దొరుకుతాయి. కాళ్లుగా అవి తరతరాలు నిలుస్తాయి. పైబల్లగా మాత్రం బండ పనికిరాదు, ఎందుకంటే నీరు నిలిచి, గాలి అందక, నేల మీద పెట్టిన ట్రేకు పట్టే గతే దాని మీది ట్రేకూ పడుతుంది. రాతి కాళ్ల మీద ఇనుప చట్రం, దాని మీద వల అన్నది తెలుగు ప్రాంతాల్లో ఇంకా తగినంతగా వాడుకలోకి రాని మంచి కలయిక.

ఎక్కువమంది చివరికి జీఐ పైపు దగ్గరికే వస్తారు. జీఐ అంటే జింకు పూత పట్టించిన ఇనుము. తయారైన ఇనుప వస్తువును సుమారు 450 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరిగి ఉన్న జింకులో ముంచి తీసినప్పుడు దాని మీద గట్టి పొర ఏర్పడుతుంది. గీత పడిన చోట కూడా జింకు ముందు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది. పూత ఉన్న పైపును తెచ్చి నర్సరీలోనే కోసి వెల్డింగ్ చేసినప్పుడు, ఆ మంట వేడికి అతుకు దగ్గరి జింకు తెల్లని పొగగా ఎగిరిపోయి అంగుళం మేర ఉత్త ఇనుము మిగులుతుంది. దాని మీద ఎరువు కలిసిన నీరు రోజూ పడుతుంటే తుప్పు సరిగ్గా ఆ అతుకు నుంచే మొదలై, పైపు నిగనిగలాడుతూ ఉండగానే బెంచీ విరుగుతుంది. దీన్ని తప్పించడానికి రెండే దారులున్నాయి: చట్రాన్ని ముందు అతికించి ఆ తరువాత మొత్తంగా జింకులో ముంచడం, లేదా వెల్డింగ్ లేకుండా బోల్టులు, క్లాంపులతో బిగించడం. రెండూ కుదరనప్పుడు అతుకును బ్రష్‌తో శుభ్రంగా గీకి జింకు శాతం ఎక్కువగా ఉన్న పెయింటు వెయ్యాలి. మామూలు వెండి రంగు పెయింటు కంటికి అలాగే కనిపించినా ఆ పని చెయ్యదు.

పైభాగానికి వాడే వల రెండు రకాలు. నిలువు, అడ్డ తీగలను అతికిన వెల్డ్‌మెష్ ఒకటి. ఇనుప రేకుకు గాట్లు పెట్టి సాగదీసినప్పుడు వజ్రాకారపు కళ్లతో ఏర్పడే జాలీ మరొకటి. రెండోది గట్టిది, చిన్న కుండీలు ఒరగకుండా నిలుస్తాయి, కాని గాటు పడిన ప్రతి అంచూ తుప్పుకు దారి కాబట్టి సాగదీశాక పూత పట్టించినదే కొనాలి. నారు ట్రేకు వెల్డ్‌మెష్ చాలు. ట్రే వెడల్పుగా కూర్చుంటుంది కాబట్టి రెండంగుళాల కన్ను ఉన్నా ఇబ్బంది లేదు, పైగా గాలి ఎక్కువగా ఆడుతుంది. మూడంగుళాల కుండీలు పెట్టదలిస్తే అంగుళం కన్ను కావాలి. తీగ సన్నమైతే వల మధ్యలో ఉయ్యాలలా దిగి, ట్రేలు వంగి, ఆ పల్లంలోని గుంతలకు నీరు ఎక్కువై అంచు గుంతలకు చాలక నారు ఎగుడుదిగుడుగా పెరుగుతుంది. రెండడుగులకొక అడ్డపట్టీ ఉంటే ఈ తంటా తప్పుతుంది.

బరువు లెక్కలో చాలామంది తడబడతారు. తడిసిన 98 గుంతల ట్రే రెండు కిలోలకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. చదరపు మీటరుకు ఏడు ట్రేలు పడితే 14, 15 కిలోల భారమే. అదే చట్రం మీద మట్టి, పశువుల ఎరువు కలిపి నింపిన ఎనిమిదంగుళాల కుండీలు పెడితే, కుండీ ఆరు కిలోల చొప్పున చదరపు మీటరుకు 25 కుండీలకు 150 కిలోలవుతుంది. నారుకని కట్టిన బెంచీని అమ్మకాలు మందగించిన నెలల్లో కుండీ మొక్కలకు వాడుకుందామనుకునేవారు ఈ పదింతల తేడాను ముందే చట్రంలో లెక్కగట్టుకోవాలి. పైన స్ప్రింక్లర్ మూసుకుపోతే నిచ్చెన వెతకకుండా బెంచీ మీదికే ఎక్కే మనిషి బరువు కూడా ఏ పట్టికలోనూ కనిపించని భారమే.

వెడల్పును చేతి పొడవూ, ట్రే కొలతా కలిసి నిర్ణయిస్తాయి. బెంచీకి ఒక పక్కే దారి ఉంటే మూడడుగుల వెడల్పు మించరాదు; రెండు పక్కలా దారి ఉంటే అయిదారడుగుల దాకా పోవచ్చునని విదేశీ పుస్తకాలు చెబుతాయి. తెలుగు నర్సరీల్లో గింజ నాటడం, కలుపు తీయడం, ఖాళీ గుంతల్లో మొలకలు సర్దడం వంటి పనులు చేసేది ఎక్కువగా స్త్రీలు. అయిదడుగుల మనిషి ముందుకు వంగకుండా చాచగలిగిన దూరం 70 సెంటీమీటర్లకు మించదు కనుక, మొత్తం వెడల్పు 1.4 మీటర్లు సబబు. ఈ కొలతలో మరో సౌకర్యం ఉంది: 27 సెంటీమీటర్ల ట్రేలు అయిదు పక్కపక్కన పెడితే 1.35 మీటర్లు అవుతుంది, వృథా దాదాపు లేదు. గుండ్రని అంకె కదా అని 1.5 మీటర్లు కట్టిస్తే అదే అయిదు ట్రేలే పడతాయి. మిగిలిన జానెడు ఇనుముకు ఊరికే డబ్బు కట్టినట్టే. ఎత్తుకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. 36 అంగుళాలని విదేశీ బొమ్మల్లో చూసి కట్టిన బెంచీ దగ్గర పొట్టి మనిషి రోజంతా భుజాలు ఎత్తి పని చెయ్యాలి. 75, 80 సెంటీమీటర్లయితే మోచేతి కింద పని సాగుతుంది.

దారులకు పోయే స్థలం సంగతి ఒక లెక్కతో తేటపడుతుంది. తెలుగు ప్రాంతాల్లో కట్టే సహజ గాలి పాలీహౌస్‌లలో 8 మీటర్ల వెడల్పు అంకణాలు, పొడవునా 4 మీటర్లకొక స్తంభం ఉండే నమూనా బాగా వాడుకలో ఉంది. అటువంటి ఒక అంకణం 40 మీటర్ల పొడవుంటే మొత్తం 320 చదరపు మీటర్లు. మధ్యలో బండి తిరిగేందుకు 2 మీటర్ల అడ్డదారి వదిలితే అటూ ఇటూ 19 మీటర్ల చొప్పున మిగులుతుంది. అందులో 1.4 మీటర్ల స్థిరమైన బెంచీలు నాలుగు వరసలు వేస్తే, స్తంభాల వరస ఉన్నదానితో కలిపి 60 సెంటీమీటర్ల దారులు నాలుగు వస్తాయి. ఒక్కొక్క 19 మీటర్ల బెంచీ మీద 175 ట్రేలు, ఎనిమిది బెంచీల మీద 1,400 ట్రేలు, అంటే 1,37,200 గుంతలు. నేలలో మూడింట రెండు వంతులే పనికొచ్చింది, మూడో వంతు మనుషులు నడవడానికే పోయింది. నడిమి పెద్దదారికి అడ్డంగా దువ్వెన పళ్లలా చిన్న బెంచీలు వేసే పద్ధతిలో ఇంకొంచెం చోటు కలిసివస్తుంది గాని, పొడవాటి నీటి పైపులకూ, తడుపుతూ వరసగా నడిచే మనిషికీ అది అడ్డు.

ఈ దారుల వృథాను తగ్గించడానికి పుట్టినదే జరిపే బెంచీ; వ్యాపారుల భాషలో రోలింగ్ బెంచీ. దీని కిటుకు చాలా సాదా. కాళ్ల మీద అడ్డపట్టీలుంటాయి. వాటి మీద బెంచీ పొడవునా రెండు పైపులు ఊరికే పడుకొని ఉంటాయి. ఆ పైపుల మీద పై చట్రం కూర్చుంటుంది. చివర ఉన్న చేతిచక్రాన్ని తిప్పితే పైపు పట్టీల మీద దొర్లుతుంది, పైపు మీద చట్రం దొర్లుతుంది. అందువల్ల పైపు 30 సెంటీమీటర్లు కదిలితే చట్రం 60 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది, వందల కిలోల బరువున్నా ఒక మనిషి తిప్పగలడు. అన్ని బెంచీలనూ ఒకదానికొకటి ఆనించి, కావలసిన చోట మాత్రం దారి తెరుచుకోవచ్చు. పై లెక్కలోని అంకణంలోనే 1.4 మీటర్ల బెంచీలు అయిదు వరసలు పడతాయి. వాటికి 7 మీటర్లు పోగా మిగిలిన మీటరులో ఒక్క దారీ, స్తంభాల పక్క ఖాళీ సరిపోతాయి. ట్రేలు 1,750 అవుతాయి, అంటే ఒక బ్యాచ్‌కు 34,300 గుంతలు అదనం. 90 సెంటీమీటర్లకు 45 సెంటీమీటర్ల ఎడంతో ఎకరానికి సుమారు 10 వేల మిరప మొక్కలు పడతాయనుకుంటే, మొలకెత్తనివి తీసేసినా మూడెకరాలకు సరిపోయే నారు అదే కప్పు కింద దొరుకుతుంది.

కాగితం మీద ఇంత ముచ్చటగా ఉన్న ఏర్పాటు పనిలోకి దిగాక ఇబ్బంది పెట్టేది ఆ ఒక్క దారి దగ్గరే. మిరప నారు అదనులో పదిమంది కూలీలు ఒకేసారి వేర్వేరు వరసల్లో పని చెయ్యాలి, అదే గంటలో రైతు ట్రాక్టరు తెచ్చి నారు ఎత్తమంటాడు. దారి ఒక్కటే కాబట్టి ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరు ఆగాలి. రోజూ చేతులు పడే చిన్న మొలకల దశకు ఇది గుదిబండ. గింజ నాటాక తడి తప్ప వేరే పని లేని రోజుల్లో మాత్రం సుఖం. బెంచీలతో పాటు కదలలేని నీటి పైపులను వాటికి కట్టకూడదు, తడి పైనుంచే రావాలి. నేల గట్టిగా, కాళ్లు ఒకే మట్టంలో ఉండకపోతే పైపు వంకరగా దొర్లి చట్రం ఇరుక్కుంటుంది. నల్లరేగడి నేలల్లో వానకూ ఎండకూ మట్టి ఉబ్బి కుంగుతుంది కాబట్టి కాళ్లకు కాంక్రీటు దిమ్మెలు తప్పనిసరి. ఒక అంచున ట్రేలు ఎత్తేసి రెండో అంచున మాత్రమే ఉంచినప్పుడు, చట్రం ఆ వైపుకే జరిగి ఉంటే బెంచీ అమాంతం తిరగబడుతుంది. దాన్ని పట్టి ఉంచే కొక్కేన్ని అదనపు భాగంగా అమ్మేవారూ ఉన్నారు. అది లేని రోలింగ్ బెంచీని ఎంత చవకగా ఇచ్చినా కొనకూడదు.

ఇంకా ముందుకు పోతే బెంచీయే ఊరేగుతుంది. సుమారు 10 వేల హెక్టార్ల గాజు గృహాలున్న నెదర్లాండ్స్‌లో కుండీ మొక్కలు పెంచే పెద్ద సంస్థలు అల్యూమినియం పళ్లేల్లాంటి బెంచీలను పట్టాల మీద ఒక గది నుంచి మరో గదికి నడిపిస్తాయి. మనుషులు ఒకే చోట నిలబడతారు, మొక్కలే వారి దగ్గరికి వస్తాయి. కూలి రేటు చాలా ఎక్కువగా ఉండి, ఒకే రకం మొక్క ఏడాది పొడవునా లక్షల్లో అమ్ముడయ్యే చోట పుట్టిన ఏర్పాటు ఇది. అదను నాలుగు నెలలే ఉండే మిరప నారుకు దాన్ని తెచ్చి పెట్టడం మోజు తప్ప వ్యాపారం కాదు.

అదే ఉత్తర ఐరోపాలో బాగా వ్యాపించిన మరో పద్ధతి నింపి వంపే బెంచీ. నీరు కారని ప్లాస్టిక్ తొట్టిలాంటి పైభాగంలోకి పోషకాలు కలిపిన నీటిని అంగుళం ఎత్తు దాకా నింపి, పది నిమిషాలు ఉంచి, తిరిగి కింది ట్యాంకులోకి వదులుతారు. కుండీలు అడుగు రంధ్రాల గుండా కావలసినంత పీల్చుకుంటాయి, ఆకు తడవదు, ఎరువు నీరు నేలలోకి పోదు. మూడూ విలువైన లాభాలే. అయితే నీరు ఎప్పుడూ కింది నుంచి పైకే ప్రయాణిస్తుంది కాబట్టి అందులోని లవణాలు కోకోపీట్ పైపొరలో పేరుకుంటాయి. పల్నాడు, ప్రకాశం, నల్లగొండ ప్రాంతాల ఉప్పదనం ఉన్న బోరు నీటితో ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. పైగా పిథియం, ఫైటోఫ్తోరా వంటి వాటి బీజాలు తోకలతో నీటిలో ఈదగలవు. ఒక మూల పట్టిన తెగులును ఉమ్మడి ట్యాంకు బెంచీలన్నిటికీ పంచిపెడుతుంది. నీటిని ఇసుక వడపోతతోనో, అతినీలలోహిత కాంతితోనో శుద్ధి చేసే ఏర్పాటు, లవణాల మోతాదు రోజూ కొలిచే మనిషి ఉన్న నర్సరీకి తప్ప ఈ బెంచీ సలహా ఇవ్వదగినది కాదు.

ఖర్చును పోల్చేటప్పుడు బెంచీ చదరపు మీటరు ధరను బెంచీ ధరతోనే పోల్చడం వల్ల ఏమీ తేలదు. రోలింగ్ బెంచీకి పెట్టే అదనపు సొమ్మును, అదే 350 ట్రేల చోటు కోసం ఇంకొంత పాలీహౌస్ కట్టడానికి అయ్యే సొమ్ముతో పోల్చాలి. ఖరీదైన పాలిథిన్ కప్పు, ఫ్యాన్లు, తడిమెత్తలు ఉన్న కట్టడంలో ప్రతి అడుగూ విలువైనది కాబట్టి రోలింగ్ బెంచీ గెలుస్తుంది. సాదా షేడ్‌నెట్ కింద, పక్కన నేల ఖాళీగా ఉన్నచోట ఇంకో నాలుగు స్తంభాలు పాతి వల కప్పడమే చవక. ఏడాదిలో ఎన్ని బ్యాచ్‌లు నిజంగా నిండుతాయన్నది కూడా చూడాలి. అదనులో ఒకటి రెండు బ్యాచ్‌లకే నిండి, మిగతా కాలమంతా సగం ఖాళీగా ఉండే నర్సరీకి అదనపు చోటు మీద రాబడి ఉండదు. అందుకే మొదటి దశలో ఉన్న నర్సరీ చెయ్యవలసిన పని ఏమిటంటే, మంచి జీఐ చట్రం, గట్టి వెల్డ్‌మెష్ ఉన్న స్థిరమైన బెంచీలతో ట్రేలన్నిటినీ నేల నుంచి పైకి ఎత్తడం, మిగిలిన డబ్బును కింది నేలకూ, మురుగు కాలువకూ ఖర్చు పెట్టడం. సగం ట్రేలు రోలింగ్ బెంచీల మీద, సగం నేల మీద ఉన్న నర్సరీల కంటే ఇదే మేలు. తరువాత ఎప్పుడైనా మార్చుకోవాలన్న ఆలోచన ఉంటే, బోల్టులతో బిగించిన చట్రాన్ని విప్పి కింద పైపులు అమర్చుకోవచ్చు. నేలలో కాంక్రీటు పోసి పాతిన కాళ్లను జరపలేరు.

సరఫరాదారుకు ఆఖరి వాయిదా చెల్లించేలోపు ఒక బెంచీనైనా నిండా తడిసిన ట్రేలతోనో, అంతే బరువున్న ఇసుక సంచులతోనో నింపి పది రోజులు ఉంచాలి. అటూ ఇటూ పురికొస లాగి కట్టి, వల మధ్యలో ఎంత దిగిందో స్కేలుతో కొలవాలి. అతుకుల దగ్గర గోటితో గీకి ఎర్రటి పొడి రాలుతుందేమో చూడాలి. రోలింగ్ బెంచీ అయితే చట్రాన్ని చివరిదాకా జరిపి, ఒక అంచు ఖాళీ చేసి, రెండో అంచు మీద బరువు వేసి కొక్కెం పట్టుకుందో లేదో తేల్చుకోవాలి. ఆ పది రోజుల్లో రోజూ బెంచీ దగ్గర పనిచేసిన స్త్రీలను ఎత్తు గురించి, దారి గురించి అడగాలి. కాళ్లను రెండంగుళాలు తగ్గించడం మొదటి బెంచీ దగ్గర సాధ్యమవుతుంది గాని ఎనిమిదీ బిగించాక ఎవరూ చెయ్యరు.